లాంచీ రేవుకు ఫెండర్లు: పడవకు దెబ్బ తగలకుండా, ఎక్కేవాళ్ల కాలు సందులో పడకుండా

మీరు ఇచ్చిన వివరాలు ఇవి. గోదావరి మీద తిరిగే 18 మీటర్ల ఉక్కు లాంచీ. జనంతో కలిపి 30 టన్నులు, వెడల్పు నాలుగున్నర మీటర్లు, నీటిలో మునిగేది మీటరు, ఎక్కేది 60 మంది. రేవులో 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పున్న పాంటూన్, అంటే నీటి మీద తేలే ఉక్కు వేదిక, ఉంది, దాని అంచుకు పాత లారీ టైర్లు వేలాడదీశారు. లాంచీ పక్క రేకు సొట్టలు పడుతోంది, టైర్ల తాళ్లు తెగిపోతున్నాయి, ఈ మధ్య ఒకామె కాలు పడవకీ పాంటూనుకీ మధ్య సందులోకి దిగిపోయింది. ఏ ఫెండర్లు, అంటే పడవకూ రేవుకూ మధ్య దెబ్బ తినే మెత్తలు, వేయాలన్నది ప్రశ్న.

మూడింటికీ మూలం ఒకటే. పడవను దూరంగా ఆపే పనీ, మనిషిని దగ్గరగా దాటించే పనీ రెండూ ఆ టైరుకే అప్పగించారు. ఫెండరు మందంగా, మెత్తగా ఉంటే పడవకు మంచిది, కానీ సందు పెరుగుతుంది. పలచగా ఉంటే సందు తగ్గుతుంది, దెబ్బ నేరుగా రేకుకు తగులుతుంది. కాబట్టి రెండు పనులకూ రెండు వేరే చోట్లు కేటాయించాలి. దెబ్బ తినేచోట ఫెండర్లు, జనం ఎక్కేచోట ముందుకు చాచిన అంచు, దాని మీద దాటుడు పలక. ఈ రెండింటి కొలతలూ ఒకదాన్నిబట్టి ఒకటి వస్తాయి కాబట్టి లెక్క మాత్రం ఒకేసారి వేయాలి.

ముందు పడవ ఎంత వేగంతో వచ్చి ఆనుతోందో కొలవండి. ఊహించి రాసుకుంటే మిగతా లెక్కంతా వృథా. పాంటూన్ చివర ఒక మనిషిని నిలబెట్టి, అంచు నుంచి నీటి మీదికి సరిగ్గా ఒక మీటరు చాచిన కర్ర కట్టి, పడవ వచ్చి ఆనడాన్ని ఫోన్‌లో వీడియో తీయించండి. ఆ చివరి మీటరు దాటడానికి మూడు సెకన్లు పడితే వేగం సెకనుకు 0.33 మీటరు, రెండు సెకన్లయితే 0.5. కనీసం 20 సార్లు తీయండి. గాలి ఉన్న సాయంత్రం, ప్రవాహం ఎక్కువున్న రోజు, కొత్త సరంగు నడిపిన ట్రిప్పు, అన్నీ అందులో ఉండాలి. సగటు తీసుకోకండి, అన్నిటికంటే చెడ్డదాన్ని తీసుకోండి. ఫెండరు ఉన్నది ఆ ఒక్క రాక కోసమే.

చెడ్డ రాక 0.5 అనుకుందాం. శక్తి అంటే బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించడం: 15 × 0.25 = 3.75 కిలోజౌల్స్. పడవతోపాటు దాన్ని అంటుకున్న నీరు కూడా కదిలి వస్తుంది. దానికి గుణకం 1 + (2 × మునక ÷ వెడల్పు), మీ పడవకు 1.44. పడవ ఎప్పుడూ కాస్త వంకరగా, ముక్కువైపో తోకవైపో ముందు తగిలి, తర్వాత తిరిగి ఆనుతుంది కాబట్టి శక్తి అంతా ఒకే దెబ్బలో దిగదు. దానికి 0.6 వేసుకోవచ్చు. 3.75 × 1.44 × 0.6 = 3.24. దీన్ని రెట్టింపు చేయండి, ఎందుకంటే గేరు రివర్సులో పడని రోజొకటి వస్తుంది. మొత్తం 6.5 కిలోజౌల్స్. ఓడరేవుల కోసం రాసిన భారత ప్రమాణం ఐఎస్ 4651 మూడో భాగంలో ఉన్న పద్ధతీ ఇదే.

వేగం వర్గంగా లెక్కకొస్తుందని గమనించండి. అదే పడవ 0.3తో వస్తే రెట్టింపు చేశాక కూడా 2.3 కిలోజౌల్స్ మాత్రమే. మంచి సరంగు ఒక్కడు మీ ఫెండరు బడ్జెట్‌ను మూడో వంతుకు దించగలడు. ఎదురు నీటికి ముక్కు పెట్టి, ప్రవాహాన్నే బ్రేకుగా వాడుకుని రావడం నేర్పించండి. నీటితోపాటు కిందికి కొట్టుకొస్తూ రేవు పట్టడం ఏ లాంచీకైనా ప్రమాదమే.

ఇప్పుడు రబ్బరు. బయటి వ్యాసం 200 మి.మీ., లోపలి రంధ్రం 100 మి.మీ. ఉన్న గొట్టపు ఫెండరు, మీటరు పొడవుకు సుమారు 3.3 కిలోజౌల్స్ తింటుంది. 300/150 అయితే సుమారు 7.4. తయారీదారును బట్టి కాస్త తేడా ఉంటుంది, కాబట్టి కొనే సరుకు పట్టికే చూసుకోండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ అంకె మీటరు పొడవూ నొక్కుకుపోయినప్పటిది. మీ లాంచీ పక్కన చుట్టూ తిరిగే బెల్టింగు పట్టీ ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లే. నిలువుగా బిగించిన మీటరు ఫెండరుకు ఆ పట్టీ తగిలితే నొక్కుకునేది 20 సెంటీమీటర్లు, పనిచేసేది అయిదో వంతు రబ్బరు. కాగితం మీద 7.4, రేవులో 1.5. పడవకు ఇన్ని సొట్టలు ఎలా పడ్డాయని ఆశ్చర్యపోయేది ఇలాంటి చోటే.

అడ్డంగా బిగిస్తే పట్టీ పొడుగునా తగులుతుంది, రబ్బరు అంతా పనిచేస్తుంది. కానీ అప్పుడు ఇంకో గండం. జనం దిగుతున్నకొద్దీ పడవ లేస్తుంది. బెల్టింగు పట్టీ రబ్బరు కింద ఇరుక్కుంటే ఆ పక్క లేవలేదు, రెండోపక్క మాత్రం లేస్తుంది. పడవ ఒరుగుతుంది, తర్వాత ఒక్కసారిగా ఊడి పైకి ఎగురుతుంది. అంచు మీద ఒక కాలు, పాంటూన్ మీద ఒక కాలు ఉన్న మనిషి అప్పుడే పడిపోతాడు.

అందుకని నేను చెప్పేది ప్యానెల్ పద్ధతి. మీటరు వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గట్టి పలక. దాని వెనక అడ్డంగా రెండు 200/100 గొట్టపు ఫెండర్లు, ఒకటి పైన, ఒకటి కింద, మధ్య నుంచి మధ్యకు 45 సెంటీమీటర్లు. పట్టీ పలక మధ్యలో ఎక్కడ తగిలినా రెండు గొట్టాలూ మీటరు పొడవునా నొక్కుకుంటాయి, మొత్తం 6.6. మనకు కావలసింది 6.5. పలక ముఖం నిలువుగా, నున్నగా ఉంటుంది కాబట్టి పట్టీ ఇరుక్కోవడానికి మెట్టు ఉండదు.

పలక మందం దగ్గర పొదుపు చేయకండి. రెండు గొట్టాలూ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఎదురొత్తిడి దాదాపు 170 కిలోన్యూటన్లు, అంటే 17 టన్నుల బరువు. అది 45 సెంటీమీటర్ల ఎడం మీద, సరిగ్గా మధ్యలో పడుతుంది. 50 మి.మీ. చెక్కలో ఆ వంపుకు పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 46 న్యూటన్ల దాకా పోతుంది, ఏ కలపా దాన్ని భరోసాగా మోయదు. 100 మి.మీ. అయితే 12కు దిగుతుంది. నల్లమద్ది దొరికితే మంచిది, తడీపొడీ రెండూ ఓర్చుకుంటుంది. చెక్క వద్దనుకుంటే 100 మి.మీ. ఛానళ్లు నాలుగు నిలువుగా పెట్టి, ముందు 6 మి.మీ. రేకు వెల్డింగు చేయించండి. అదే 17 టన్నులు వెనక పాంటూన్ రేకు మీదా పడతాయి. ప్రతి గొట్టం వెనకా లోపల అడ్డపట్టీ లేకపోతే ఫెండరు బాగానే ఉంటుంది, పాంటూన్ సొట్టపోతుంది.

పలక ముందు 30 మి.మీ. మందం యూహెచ్ఎండబ్ల్యూ పాలిథిన్ (గట్టిగా, నున్నగా ఉండే ప్లాస్టిక్) షీటు వేయండి. ఇది అలంకారమని వదిలేసేవాళ్లు చాలామంది. ఉక్కు మీద రబ్బరు రాపిడి గుణకం 0.6 నుంచి 0.7, ఈ షీటుకు 0.2 లోపే. తేడా రేవులో కళ్లారా కనిపిస్తుంది. ఉత్త రబ్బరుకు ఆనిన లాంచీలోంచి జనం దిగుతుంటే పడవ వెంటనే లేవదు, రబ్బరు పట్టుకుని ఉంటుంది. పదీ పన్నెండు మంది దిగాక పట్టు వదులుతుంది, పడవ ఒక్క కుదుపుతో పైకి వస్తుంది. సరిగ్గా అప్పుడు కాలెత్తిన ముసలాయన తడబడతాడు. షీటు ఉంటే పడవ ఒక్కో మనిషికీ కాస్త కాస్త లేస్తుంది, ఎవరికీ తెలియదు. బోల్టు తలలు షీటులో కనీసం 15 మి.మీ. లోపలికి ఉండాలి. పైకి తేలిన ఒక్క బోల్టు తల చాలు, ఒక్క సీజన్‌లో బెల్టింగును రంపంలా కోసేస్తుంది.

వేలాడదీయడం ఇలా. ప్రతి గొట్టం రంధ్రంలోంచి 12 మి.మీ. గాల్వనైజ్డ్ గొలుసు దూర్చి, రెండు చివర్లా పాంటూన్‌కు వెల్డు చేసిన ఉక్కు ఉంగరాలకు, పిన్నుతో విప్పి బిగించగల కొక్కెం లాంటి షాకిల్‌తో కట్టాలి. గొట్టం కింద ఆనడానికి 50 మి.మీ. యాంగిల్ ముక్క ఉంటే జారదు. పలక బరువు చెక్కతో 80 కిలోలకు దగ్గరగా ఉంటుంది, పైన రెండు గొలుసులు ఆ బరువు మోయాలి, కింద రెండు గొలుసులు పలక ముందుకు ఎగరకుండా లాగి పట్టాలి. పడవ ముందుకూ వెనక్కూ రుద్దినప్పుడు పలక పక్కకు జరగకుండా ఏటవాలుగా ఇంకో రెండు. గొలుసులు లాగినట్టు బిగించకండి. రబ్బరు నొక్కుకున్నప్పుడు అవి వదులవుతాయి, తిరిగి వచ్చినప్పుడు బిగుసుకుంటాయి. ఒక లింకు మేరకు వదులు ఉంటే ఆ కుదుపుకు తెగవు. మంచినీటికి వేడి జింకు పూత చాలు. అంతర్వేది, యానాం వైపు ఉప్పునీరు ఎక్కే రేవులైతే బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ తీసుకోండి.

ఎన్ని ప్యానెళ్లు? ఫెండర్ల మధ్య ఎడం పడవ పొడవులో 15 శాతం దాటకూడదన్నది పాత నియమం, మీకు 2.7 మీటర్లు. లాంచీ పక్క తిన్నగా ఉండే భాగం 9 లేదా 10 మీటర్లు ఉంటుంది, నాలుగు ప్యానెళ్లు సరిపోతాయి. అంటే మీటరు గొట్టాలు ఎనిమిది, ఒక్కోటి 27 కిలోలు, పాలిథిన్ షీట్లు నాలుగు, ఒక్కోటి 20 కిలోలు. పడవ 10 డిగ్రీలు వంకరగా వచ్చినప్పుడు ముక్కు రెండు ప్యానెళ్ల మధ్యలోంచి దూరి పాంటూన్ అంచును తాకుతుందేమో కాగితం మీద గీసి చూడండి. తాకేట్టుంటే పాంటూన్ మూలకు అదనంగా ఒకటి కావాలి. మూల దెబ్బలే అన్నిటికంటే గట్టివి.

ఇక మీ అసలు బాధ, సందు. ప్యానెల్ మొత్తం పాంటూన్ అంచు నుంచి ముందుకు వచ్చేది 200 రబ్బరు, 100 చెక్క, 30 షీటు, కలిపి 330 మి.మీ. చెడ్డ దెబ్బకు రబ్బరు సగం నొక్కుకుంటే 230కి వస్తుంది. అంటే ఎక్కే ద్వారం దగ్గర, రెండో మూడో ప్యానెళ్ల మధ్య, పాంటూన్ డెక్కును 190 దాకా ముందుకు చాచవచ్చు. 40 మి.మీ. భద్రత కోసం వదలాలి, ఆ చాపుకు పడవ ఎన్నడూ తగలకూడదు. అప్పుడు పడవ ప్రశాంతంగా ఆని ఉన్నప్పుడు సందు 330 లోంచి 190 తీస్తే 140 మి.మీ. పలక మందం ఎంత పెంచినా ఈ 140 మారదని గమనించండి. సందు అంటే రబ్బరు నొక్కుకునే దూరం, దానికి భద్రత 40, అంతే. కాబట్టి సందు తగ్గించాలంటే దారి ఒకటే, వేగం తగ్గించి చిన్న రబ్బరు వాడటం.

టేపు పట్టుకుని కొలిచేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. పాంటూన్ నుంచి బెల్టింగు పట్టీ దాకా కొలిచి సరే అనుకుంటారు. పట్టీ పడవ డెక్కు అంచుకంటే 100 మి.మీ. బయటికి ఉంటుంది. అడుగు పెట్టేది డెక్కు మీద. అసలు సందు 240. పిల్లల కాలు తొడ దాకా దిగే సందు అది. దాన్ని దాటుడు పలకతో కప్పకుండా జనాన్ని ఎక్కించవద్దు.

దాటుడు పలక అల్యూమినియం చెకర్డ్ ప్లేటుతో, 6 మి.మీ. మందం, అడుగున పక్కటెముకల్లా మూడు బద్దలు. వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు, పొడవు 1.2 మీటర్లు. పాంటూన్ వైపు కీలు, పడవ వైపు ఉత్తగా ఆనాలి, ఆనిన పొడవు 30 సెంటీమీటర్లు. పడవ వైపు బోల్టు వేసినా, తాడుతో బిగించి కట్టినా పడవ కదిలిన మొదటి రోజే కీలు విరుగుతుంది, కొన్నిసార్లు పలక మీద మనుషులతో సహా. ఆనే అంచు కింద నైలాన్ పట్టీ వేస్తే డెక్కు గీరుకోదు, కిర్రుమనదు. రెండు పక్కలా 50 మి.మీ. ఎత్తు అంచు, 90 సెంటీమీటర్ల నుంచి మీటరు ఎత్తు చేతికమ్మీ. కమ్మీ పలకకే ఉండాలి. పాంటూన్ మీదొకటి, పడవ మీదొకటి ఉంటే మనిషి రెండు చేతులతో రెండింటినీ పట్టుకుంటాడు, పడవ కదిలితే వేళ్లు మధ్యలో నలుగుతాయి.

పొడవు 1.2 అని ఎందుకన్నానంటే ఎత్తు తేడా వల్ల. 60 మంది, మనిషికి 65 కిలోలు, దాదాపు 3.9 టన్నులు. మీ లాంచీ సెంటీమీటరు మునగడానికి 650 కిలోలు కావాలి. నిండా ఎక్కితే 6 సెంటీమీటర్లు దిగుతుంది. పాంటూన్ సెంటీమీటరుకు 480 కిలోలు, దాని మీద 40 మంది నిలబడితే 5 సెంటీమీటర్లు, అందరూ అంచుకు వస్తే ఆ అంచు ఇంకో 10 దాకా వాలుతుంది. ఎత్తు తేడా 10 సెంటీమీటర్లు వస్తే 1.2 మీటర్ల పలక మీద వాలు పన్నెండుకు ఒకటి, చక్రాల కుర్చీ కూడా పోతుంది. అదే 50 సెంటీమీటర్ల పొట్టి పలకైతే అయిదుకు ఒకటి, తడి చెప్పులతో నిలబడలేరు. అన్నిటికంటే ముందు ఖాళీ లాంచీ డెక్కూ, ఖాళీ పాంటూన్ డెక్కూ 5 సెంటీమీటర్ల తేడాలోపు ఉండేలా చూడండి. పాంటూన్ పైన చెక్క పలకలు పరిచి ఎత్తు సరిచేయడం తేలిక.

ఫెండర్లు ఎంత బాగున్నా ఆపలేనిది ఒకటుంది. రేవు రాగానే అందరూ లేచి ఒకే పక్కకు రావడం. నలభై మంది మధ్య నుంచి ఒకటిన్నర మీటరు పక్కకు జరిగితే, లాంచీ మెటాసెంట్రిక్ ఎత్తు (ఒరగకుండా నిలబడే గుణానికి కొలత) మీటరు ఉందనుకున్నా, ఏడు డిగ్రీల పైచిలుకు ఒరుగుతుంది. ఎక్కే పక్క అంచు దాదాపు 29 సెంటీమీటర్లు కిందికి పోతుంది. దాటుడు పలక ఒక్కసారిగా వాలుతుంది, పట్టీ ప్యానెల్ కింది అంచును దాటిపోతుంది. పదేసి మందిని లేపితే ఒరుగు 7 సెంటీమీటర్లే. అందుకే ద్వారానికి గొలుసు వేయాలి, తాళ్లు కట్టడం అయ్యాకే తీయాలి, కళాసీ పది మందిని లెక్కపెట్టి వదలాలి. ప్యానెల్ ఎత్తు 70 పెట్టిందీ ఈ ఒరుగును మనసులో పెట్టుకునే.

తాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఫెండరు పడవను పక్క నుంచి మాత్రమే ఆపుతుంది. ముందుకూ వెనక్కూ పోకుండా ఆపేది తాడు. ముక్కు తాడు, తోక తాడు రెండే కట్టి వదిలేస్తే లాంచీ ప్రవాహంలో అర మీటరు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, ప్యానెల్ పక్కకు ఈడ్చుకుపోతుంది, గొలుసులు అరుగుతాయి. ఇంకో రెండు ఏటవాలు తాళ్లు తప్పనిసరి. ఒకటి ముక్కు దగ్గరి నుంచి వెనక్కి పాంటూన్ మధ్యకు, రెండోది తోక దగ్గరి నుంచి ముందుకు పాంటూన్ మధ్యకు. మీ బరువుకు 22 లేదా 24 మి.మీ. నైలాన్. ముందుగా వేయాల్సింది ముక్కు నుంచి వెనక్కి వచ్చే ఏటవాలు తాడు. అది పడ్డాక ఇంజిను నెమ్మదిగా ముందుకు వేసి చుక్కాని రేవుకు అవతలి వైపు తిప్పితే తోక దానంతటదే వచ్చి ప్యానెళ్లకు ఆనుతుంది. మిగతా మూడూ తాపీగా కట్టి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చాకే ద్వారం గొలుసు తీయాలి.

కళాసీలు కాలుతోనో చేత్తోనో పడవను ఆపడం ఈ రోజే మాన్పించండి. 30 టన్నులు నడక వేగంలో మూడో వంతుతో వచ్చినా ఏ కాలూ ఆపలేదు, ఎముక మాత్రం విరుగుతుంది. చేతిలో ఒక బంతి ఫెండరు ఇచ్చి, తగిలేచోట దాన్ని దింపడం నేర్పండి.

ఇప్పటికిప్పుడు డబ్బు లేదు, టైర్లతోనే నెట్టుకురావాలి అంటారా, చేయవచ్చు, జనం ఎక్కే ద్వారం దగ్గర మాత్రం వద్దు. స్టీలు తీగలున్న రేడియల్ టైర్లు తీసుకోకండి, అరిగాక తీగలు సూదుల్లా బయటికొచ్చి చేతులు చీలుస్తాయి. నైలాన్ టైర్లు చూసుకోండి. అడుగున 25 మి.మీ. రంధ్రాలు రెండు పొడవండి, నీరు నిలవకుండా. నిలిస్తే దోమలు, బరువు, తాడు తెగడం. ఒకే తాడుతో వేలాడదీసిన టైరు పడవ రాసుకున్నప్పుడు పైకెక్కి డెక్కు మీద కూర్చుంటుంది, సరిగ్గా దెబ్బ తగిలే క్షణానికి అంచు బోసిగా ఉంటుంది. పైన రెండు చోట్ల, కింద ఒక చోట కట్టాలి. తాడు రబ్బరు అంచు మీద ఒరుసుకునేచోట పాత హోస్ పైపు ముక్క తొడగండి. మీ తాళ్లు తెగుతున్నవి అక్కడేనని చూడకుండానే చెప్పొచ్చు.

రబ్బరు కొనేటప్పుడు మోసం ఎక్కువ. పాత టైర్ల పొడి, సుద్ద కలిపి పోసిన గొట్టాలు కొత్తలో నల్లగా నిగనిగలాడతాయి, ఏడాదికి పగుళ్లు బారతాయి. తేలిక పరీక్ష ఒకటి ఉంది. చిన్న ముక్క కోయించుకుని బరువు తూచండి, కొలత గ్లాసులో నీళ్లు పోసి ముంచి నీరు ఎంత పెరిగిందో చూడండి. 120 గ్రాముల ముక్కకు నీరు 100 మిల్లీలీటర్లు, అంతకంటే ఎక్కువ పెరగాలి. 85, 90 దగ్గరే ఆగితే లోపల సుద్ద ఉంది. కాగితం మీద అడగాల్సినవి: తన్యత బలం 16 మెగాపాస్కల్స్ తగ్గకుండా, సాగుడు 300 శాతం తగ్గకుండా, షోర్ ఏ గట్టిదనం ఎంతో అంకెతో. గట్టిదనం పెరిగితే ఎదురొత్తిడి పెరుగుతుంది. గట్టి రబ్బరంటే మంచి రబ్బరని అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

మీది పాంటూన్ కాబట్టి నీటితోపాటు ఫెండరు లేచి దిగుతుంది, అదృష్టం. సిమెంటు గోడ రేవులున్నవాళ్లకు ఇదే లెక్క పనికిరాదు. నాగార్జునసాగర్ జలాశయం నిండు మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. ఎనభై అడుగుల తేడాలో గోడకు ఎన్ని ఫెండర్లు బిగించినా సగం రోజులు పడవ వాటికి అందదు, తేలే జెట్టీ తప్ప దారి లేదు. సముద్రపు పోటు వచ్చే చోట్ల తేడా చిన్నది, విశాఖలో పెద్ద పోటుకూ పాటుకూ మధ్య సుమారు 1.4 మీటర్లు. అక్కడ గోడకు నిలువు ప్యానెళ్లు, అత్యల్ప నీటి మట్టం కంటే కిందిదాకా దించి వేయవచ్చు. చెరువుల్లో తిరిగే ఎనిమిది మీటర్ల ఫైబర్ పడవలకు ఈ గట్టి రబ్బరేదీ వద్దు, ఆ పొట్టు 17 టన్నుల మాట అటుంచి రెండు టన్నులే మోయలేదు. 15 నుంచి 20 సెంటీమీటర్ల వ్యాసం గాలి ఫెండర్లు, బొటనవేలితో నొక్కితే దిగేంత మెత్తగా నింపి, పడవకే కట్టండి.

గోదావరికి వరద వేరే సమస్య. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటింది. అలాంటి నీటిలో మానులు కొట్టుకొచ్చి ప్యానెల్‌కూ పాంటూన్‌కూ మధ్య దూరతాయి, ప్రవాహం వాటిని మీటలా తిప్పి గొలుసులు పీకేస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగుల మొదటి హెచ్చరిక రాగానే, నీరు మీ దాకా వచ్చేలోపు నాలుగు ప్యానెళ్లూ విప్పి ఒడ్డుకు చేర్చండి. షాకిల్‌తో కట్టమన్నది అందుకే, నలుగురు మనుషులు పూటలో విప్పగలరు. గుర్రపుడెక్క కూడా ప్యానెల్ వెనక పేరుకుంటుంది. రబ్బరు నొక్కుకోవాల్సిన జాగాలో అది దట్టంగా ఇరికితే ఫెండరు గోడలా గట్టిపడుతుంది. వారానికోసారి కొంకి కర్రతో లాగేయాలి.

నెలకోసారి చూడాల్సినవి ఎక్కువేం లేవు. గొలుసు లింకు మందం 12 నుంచి 10కి వచ్చిందా, వచ్చిందంటే మార్చండి. పాలిథిన్ షీటు బోల్టు తలల మీద ఇంకా 5 మి.మీ. ఉందా. రబ్బరు మీద గోరు పట్టేంత పగులుందా. దాటుడు పలక కీలు పిన్ను ఊగుతోందా. పాంటూన్ లోపలి అడ్డపట్టీల దగ్గర వెల్డింగు మీద తుప్పు గీత కనిపిస్తోందా, ఆ గీత చాలాసార్లు పగులుకు ముందుమాట.

బిగించడం అయ్యాక జనాన్ని ఎక్కించే ముందు ఒక పూట కేటాయించండి. బెల్టింగు పట్టీకి సుద్ద దట్టంగా రాసి, లాంచీని ఖాళీగా అయిదుసార్లు, ఇసుక మూటలతో 3.9 టన్నులు నింపి అయిదుసార్లు తెచ్చి ఆనించండి. ప్యానెళ్ల మీద పడ్డ సుద్ద గీతలు మధ్య 40 సెంటీమీటర్లలో ఉంటే సరే. పై అంచున ఉంటే దెబ్బంతా పై గొట్టం ఒక్కటే తింటోంది, లెక్కలో 6.6 అనుకున్నది అక్కడ 3.3. అప్పుడు గొట్టాల కింది యాంగిల్ ఆనింపులనూ, గొలుసు షాకిళ్లనూ రెండు లింకుల మేర పైకి జరిపి, సుద్ద తుడిచి, మళ్లీ పదిసార్లూ ఆనించి చూడాలి.